పెరట్లో పువ్వుల్నీ, వాటి మీద వాలే పురుగుల్నీ ఫొటో తీయడం ఎలా?

వంగ పువ్వు మీద తుమ్మెద వాలిందని ఫోను పట్టుకుని పరిగెత్తితే ఎలాంటి ఫొటో వస్తుందో అందరికీ తెలిసిందే. వెనకాల గోడ మీద పెచ్చులూడిన సున్నం వెంట్రుకవాసి తేడా లేకుండా పడుతుంది. తుమ్మెద మాత్రం నల్లటి మరక. రెండో ఫొటోలో దాని వెనక భాగం, మూడోదాంట్లో ఖాళీ పువ్వు. ఆపైన "మంచి కెమెరా కొనాలి" అన్న నిర్ణయం. లక్ష పెట్టి కొన్నా ఇదే జరుగుతుంది, కాకపోతే ఆ సున్నం పెచ్చులు ఇంకా బాగా పడతాయి. పురుగు వెంట పడితే పురుగు దొరకదు. అది రాబోయే పువ్వు దగ్గర ముందే కూర్చుని కాపు కాయాలి. మిగతావన్నీ దాని తర్వాతే.

ముందు సామాను

ఫోను చాలు. అందులో 2 మెగాపిక్సెల్ మాక్రో (మరీ దగ్గర నుంచి తీసే) కెమెరా అని విడిగా ఒకటి ఉంటే అది ఉందన్న సంగతే మర్చిపోండి. మెయిన్ కెమెరాలో 2ఎక్స్ పెట్టి, జానెడు దూరం నుంచి తీసింది దానికంటే ఎప్పుడూ బాగుంటుంది. అల్ట్రావైడ్‌తో (ఎక్కువ వెడల్పు పట్టే లెన్సుతో) మాక్రో తీసే ఖరీదైన ఫోన్లు రెండు మూడు సెంటీమీటర్ల దాకా దగ్గరకి వెళ్తాయి. పువ్వులకి బాగానే ఉంటుంది గానీ, అంత దగ్గరకి వెళ్తే ఏ పురుగూ కూర్చోదు, పైగా ఫోను నీడ పువ్వు మీదే పడుతుంది. క్లిప్పుతో తగిలించుకునే లెన్సులదీ ఇదే గొడవ.

కెమెరా ఉన్నవాళ్లకి 90 నుంచి 105 ఎం.ఎం. మధ్య మాక్రో లెన్సు ఒకటి ఉంటే ఇంకేం అక్కర్లేదు. అంత డబ్బు పెట్టలేకపోతే, ఇంట్లో ఉన్న 50 ఎం.ఎం. లెన్సుకి 25 ఎం.ఎం. ఎక్స్‌టెన్షన్ ట్యూబు (లెన్సుకీ కెమెరాకీ మధ్య పెట్టే ఖాళీ గొట్టం) బిగించండి, పురుగు అసలు సైజులో సగం సైజుకి సెన్సార్ (కెమెరా లోపల బొమ్మని పట్టే పలక) మీద పడుతుంది. జూమ్ లెన్సు ఉంటే ముందు తగిలించే క్లోజప్ అద్దం దొరుకుతుంది. రేనాక్స్ కంపెనీ 250 రకం అయితే పురుగుకి 12 సెంటీమీటర్ల దూరంలో ఉండాలి, రేనాక్స్ 150 అయితే 20 సెంటీమీటర్లు. మొదటిసారి కొనేవాళ్లు 150 తీసుకోండి. ఆ ఎనిమిది సెంటీమీటర్ల తేడాలోనే సీతాకోకచిలుక ఉండటమో ఎగిరిపోవడమో తేలిపోతుంది.

ఇవి కాక బట్టలకి పెట్టే క్లిప్పులు రెండు, మూరెడు వెదురు పుల్లలు రెండు, ఒక తెల్ల థర్మాకోల్ ప్లేటు, ఒక ముదురాకుపచ్చ చార్టు, కూర్చోడానికి పీట. ట్రైపాడ్ లోపలే ఉంచండి. దాని కాళ్లు సర్దేలోపు తుమ్మెద పక్కవాళ్ల దొడ్లో ఉంటుంది.

ఎప్పుడు

విశాఖలో ఈ పనికి పెద్ద శత్రువు గాలి. తెల్లవారాక కాసేపు ఆకు కదలదు. తొమ్మిది దాటుతుంటే సముద్రం మీద నుంచి గాలి మొదలవుతుంది, పది తర్వాత నందివర్ధనం కొమ్మ ఊగుతూనే ఉంటుంది. బీచ్ వైపు, లాసన్స్ బే, ఎంవీపీ కాలనీ మేడల మీద కుండీలు పెట్టుకున్నవాళ్లకి ఈ బాధ మరీ ఎక్కువ. పెందుర్తి, సింహాచలం వైపు కొండ చాటున ఉన్న పెరళ్లకి ఇంకో అరగంట, ముప్పావుగంట దొరుకుతుంది. మేలో ఇక్కడ 5:20 ప్రాంతంలోనే సూర్యోదయం, జనవరిలో 6:30 దగ్గర. అంటే వేసవిలో ఆరున్నరకి లేచి కెమెరా వెతుక్కునేవాళ్లు మంచి వెలుగులో సగం పోగొట్టుకున్నట్టే.

నెలల్లో మంచివి నవంబరు ఆఖరు నుంచి ఫిబ్రవరి దాకా. చల్లటి పొద్దున పురుగులు బద్ధకంగా ఉంటాయి. చాలావాటి ఒంట్లో వేడి బయటి ఎండ మీద ఆధారపడుతుంది కాబట్టి, ఎండ తగిలేదాకా రెక్క విప్పలేవు. వానాకాలంలో మబ్బు పట్టిన రోజు పువ్వులకి పండగే గానీ తేనెటీగలు తక్కువ తిరుగుతాయి. మే నెల మధ్యాహ్నం మాత్రం నీడలో పడుకోండి.

ఏ పువ్వు దగ్గర కూర్చోవాలి

దీన్ని ఎవరూ పట్టించుకోరు. నర్సరీకి వెళ్లి పెద్ద పువ్వు, ముద్ద పువ్వు, రంగు బాగున్న పువ్వు తెచ్చుకుని, పురుగులు రావేమని అడుగుతారు. ముద్దబంతి, ముద్దమందారం, ముద్దగన్నేరు: ఇవి దేవుడికీ జడకీ బాగుంటాయి. రెక్కల మీద రెక్కలు కిక్కిరిసి ఉంటే పురుగుకి తేనె దాకా దారి దొరకదు, పుప్పొడి ఇచ్చే కేసరాలే చాలావరకు రెక్కలుగా మారిపోయి ఉంటాయి. కడియం నుంచి లారీల్లో వచ్చే రకాల్లో ఒంటిరెక్క పువ్వులు అడిగి తీసుకోండి. ఒంటిరెక్క బంతి మీద పొద్దున అరగంట కూర్చుంటే కనిపించేన్ని పురుగులు ముద్దబంతి మీద వారంలో కనిపించవు.

తులసి కంకులు గిల్లేయడం ఆపండి, కనీసం ఒక మొక్కకైనా. చిన్న తేనెటీగలకి, అంటే కొమ్మకి అరచేయంత పట్టు ఒక్కటే కట్టేవాటికి, తులసి అంటే ప్రాణం. ఒక్కో పువ్వు మీద సెకనో రెండో ఉంటుంది. కాపు కాయడానికి దీనంత అనువైన మొక్క మరోటి లేదు. ఎందుకంటే నిలువు కంకి మీద తేనెటీగ మామూలుగా కింది నుంచి పైకి ఎక్కుతుంది. కింద వరసలో వాలింది అనగానే కెమెరా పై వరస మీద పెట్టుకుని ఆగాలి. అదే ఎక్కుతూ మీ ఫోకస్‌లోకి వస్తుంది. అది ఉన్నచోట గురి పెట్టేవాళ్లు ఎప్పుడూ ఒక పువ్వు వెనకబడే ఉంటారు.

వంగ పువ్వు సంగతి వేరు. దాని పుప్పొడి గొట్టాల్లో మూసి ఉంటుంది, కొసన సన్నటి రంధ్రం నుంచే రాలాలి. మామూలు తేనెటీగకి ఆ విద్య రాదు. తుమ్మెదకీ, పొట్ట మీద నీలి చారలుండే గుండ్రటి తేనెటీగకీ వచ్చు. పువ్వుని కాళ్లతో కరిచిపట్టుకుని, రెక్కలు కదపకుండా, రొమ్ము కండరాలతో వణికిస్తుంది. చెవి పెట్టి వింటే తెలుస్తుంది: ఎగిరేటప్పటి మోత బొంగురుగా ఉంటుంది, పువ్వు పట్టుకోగానే సన్నబడి పై స్థాయికి పోతుంది. ఆ సన్నటి మోత మొదలైనప్పుడు నొక్కాలి. అప్పుడది పువ్వుకి వేలాడుతూ ఒకే చోట ఉంటుంది, పొట్ట మీద పసుప్పచ్చ పొడి రాలుతుంది. పుప్పొడి రాలే ఆ క్షణం దొరికితే ఫొటో గోడకి పెట్టుకోవచ్చు. టమాటా పువ్వుకీ ఇదే.

నూరువరహాలకి పొడవాటి తొండం ఉన్న పెద్ద నల్ల సీతాకోకచిలుకలు వస్తాయి. ఇవి తాగుతున్నంతసేపూ రెక్కలు కొట్టుకుంటూనే ఉంటాయి, కొత్తవాళ్లు వీటితో మొదలుపెట్టి నీరసపడిపోతారు. ముందు గడ్డిచామంతితో మొదలుపెట్టండి. గోడ వారన కలుపని పీకేసే ఆ మొక్కే. దాన్ని చాపంత మేర వదిలేస్తే గోరంత బూడిదనీలం సీతాకోకచిలుకలు వచ్చి రెక్కలు మూసుకుని నిదానంగా కూర్చుంటాయి. వినాయకుడి పూజకని తెల్లజిల్లేడు పెంచుకున్నవాళ్లకి ఇంకా నయం. నారింజరంగు రెక్కల అంచున నలుపు, తెల్ల చుక్కలు ఉన్న సీతాకోకచిలుక దాని ఆకుల మీదే గుడ్లు పెడుతుంది. జిల్లేడు పాల విషం ఒంట్లో ఉంటుంది కాబట్టి పిట్టలు దాని జోలికి పోవు. ఆ ధైర్యంతోనే అది తాపీగా ఎగురుతుంది.

కరివేపాకు, నిమ్మ మొక్కల మీద పిట్టరెట్టలా కనిపించేది చాలాసార్లు గొంగళిపురుగు. పెద్దయ్యాక ఆకుపచ్చగా మారుతుంది. నూరువరహాల మీద మీరు ఫొటో తీయాలనుకునే నల్ల సీతాకోకచిలుక అదే. వేపనూనె కొట్టి దాన్ని చంపి, తర్వాత సీతాకోకచిలుకల కోసం కాపు కాస్తే వచ్చేదేముంది? మందు ఏదైనా కొట్టక తప్పకపోతే పొద్దుపోయాక, విచ్చిన పువ్వుల మీద పడకుండా కొట్టండి.

పూసే వేళలు కూడా చూసుకోండి. గుమ్మడి పువ్వు తెల్లారేసరికే విచ్చుకుని పది దాటితే ముడుచుకుపోతుంది. బెండ పువ్వుదీ పొద్దుటి పూటే. బీర సాయంత్రం అయిదింటి ప్రాంతంలో విచ్చుకుంటుంది, సొర చీకటి పడేవేళకి.

ఇంకో మాట. పువ్వు మీద తేనెటీగ మరీ కదలకుండా ఉందంటే సంతోషపడకండి, పువ్వు కిందికి వంగి చూడండి. పూరెక్కల రంగులోనే కలిసిపోయిన సాలీడు దాని మెడ పట్టుకుని ఉండొచ్చు. అది కూడా మంచి ఫొటోనే, తొందర కూడా ఉండదు.

చోటు సిద్ధం చేయడం

పువ్వు ఎంచుకున్నాక పురుగు రాకముందే ఈ పనులు చేసేయండి. సూర్యుడు మీ పక్కగానో, కొంచెం వెనకగానో ఉండాలి, కానీ మీ నీడ పువ్వు మీద పడకూడదు. పువ్వుకి రెండడుగుల వెనక ఏముందో చూడండి. ప్లాస్టిక్ బకెట్, తీగ మీద తువ్వాలు, తెల్ల గోడ లాంటివి ఉంటే మీరే అడుగు పక్కకి జరగండి. అప్పటికీ కుదరకపోతే చార్టుని వెనక ఒకటిన్నర అడుగుల దూరంలో నిలబెట్టండి. అంతకంటే దగ్గరగా పెడితే చార్టు చార్టులాగే కనిపిస్తుంది. నల్ల చార్టు మాత్రం వద్దు, పొద్దున తీసిన ఫొటో అర్ధరాత్రి తీసినట్టుంటుంది.

వెదురు పుల్లని కాడ పక్కన మట్టిలో దిగ్గొట్టి, పువ్వుకి నాలుగు వేళ్ల కింద క్లిప్పుతో కలిపి పట్టించండి. క్లిప్పు కాడని నలిపేస్తుందనుకుంటే మధ్యలో చిన్న స్పాంజి ముక్క పెట్టండి. గాలి సగం తగ్గినట్టే. థర్మాకోల్ ప్లేటు నీడ ఉన్న వైపు, పువ్వుకి జానెడు దూరంలో ఆనించండి. తుమ్మెద లాంటి నల్లటి పురుగుకి ఆ తెలుపు ఒంటి మీద మెరిస్తేనే ఆకారం తెలుస్తుంది.

ఇప్పుడు పీట వేసుకుని కూర్చోండి. కళ్లు పువ్వు ఎత్తుకి రావాలి. నిలబడి కిందికి చూస్తూ తీసిన పువ్వు ఫొటోలు ఈ లోకంలో ఇప్పటికే చాలా ఉన్నాయి.

సెట్టింగులు

త్వరగా చెప్పేస్తాను. కెమెరాలో మాన్యువల్ మోడ్, లెన్సు రంధ్రం ఎఫ్/8 (ఈ అంకె పెరిగేకొద్దీ రంధ్రం సన్నబడుతుంది), వెలుగుని పట్టే చురుకుని చెప్పే ఐఎస్ఓ ఆటో (3200 దాకా హద్దు). షట్టర్ స్పీడు (వెలుగు లోపలికి పడే సమయం) నిద్రపోతున్న పురుగుకి సెకనులో 1/250 వంతు, తేనె తాగుతున్నదానికి 1/500, గాల్లో ఆగి ఉన్నదానికి 1/1000 పైన. తేనెటీగ రెక్క సెకనుకి 200 సార్లకి పైగా కొట్టుకుంటుంది కాబట్టి 1/1000లో కూడా రెక్క మసకగానే వస్తుంది. అలాగే ఉండనివ్వండి, ఎగురుతున్నట్టు తెలుస్తుంది. ఎఫ్/16కి వెళ్తే మొత్తం స్పష్టంగా వస్తుందని ఎవరో చెప్పి ఉంటారు. ఇంత దగ్గరలో ఎఫ్/16 పెడితే కాంతి ఆ సన్నటి రంధ్రంలో చెదిరి, మొత్తం ఒకే తీరున మెత్తబడుతుంది. ఎఫ్/11 దాటకండి.

ఫ్లాష్ వాడేవాళ్లు దాన్ని మాన్యువల్‌లో 1/16 పవర్‌కి పెట్టి, ముందు బటర్ పేపర్ రెండు పొరలు ఫ్లాష్‌కి నాలుగంగుళాల ఎడంగా కట్టండి. షట్టర్ 1/200, ఎఫ్/11, ఐఎస్ఓ 400. బటర్ పేపర్ లేని ఫ్లాష్ తుమ్మెద వీపు మీద తెల్లటి చిల్లు పొడుస్తుంది.

ఫోనులో: 2ఎక్స్, ఫ్లాష్ ఆఫ్, మాక్రోకి దానంతటదే మారే ఆప్షన్ ఆఫ్. ఇది ఆన్‌లో ఉంటే సరిగ్గా నొక్కే సమయానికి లెన్సు మారి ఫ్రేము గెంతుతుంది. పోర్ట్రెయిట్ మోడ్ వాడకండి, మీసాల్ని కత్తిరించేస్తుంది.

అసలు తిప్పలు: కంటి మీద ఫోకస్

నూటికి తొంభై ఫొటోలు పాడయ్యేది ఇక్కడే, అందుకని నిదానంగా చదవండి.

అసలు సైజులో (1:1) ఎఫ్/8 దగ్గర, మామూలు ఏపీఎస్-సీ (మధ్యరకం సైజు సెన్సార్ ఉన్న) కెమెరాలో స్పష్టంగా కనిపించే మందం ఒక మిల్లీమీటరు కూడా ఉండదు, ముప్పావు కంటే తక్కువే. సగం సైజులో తీస్తే సుమారు రెండు మిల్లీమీటర్లు. తుమ్మెద పొడవు రెండు, రెండున్నర సెంటీమీటర్లు. అంటే దాని కంటి మీద ఫోకస్ ఉంటే రెక్క మొదలు అప్పటికే మసకలో ఉంటుంది. మీరు ఊపిరి తీస్తే ఛాతీ కదిలే కదలిక దీనికి నాలుగైదు రెట్లు. లెన్సులో ఉన్న ఆటోఫోకస్ మోటారు ఎంత మంచిదైనా, అది ఫోకస్ దొరికిందని చెప్పి మీరు నొక్కేలోపు మీరూ కదులుతారు, పువ్వూ కదులుతుంది, పురుగూ కదులుతుంది. పైగా సన్నటి మీసాలూ కాళ్లూ దానికి పట్టవు. వెనకాల ఆకు కనిపిస్తే చాలు, అక్కడికి వెళ్లి కూర్చుంటుంది.

అందుకని పద్ధతి తిరగేయాలి. ఫోకస్‌ని కదపకుండా మనం కదలాలి. లెన్సు మీద మాన్యువల్ పెట్టి, మాక్రో లెన్సుకైతే సగం సైజు గుర్తు దగ్గర రింగు ఆపేయండి. ఇక దాన్ని ముట్టుకోవద్దు. లెన్సు ముందు ఒక నిర్ణీత దూరంలో గాజుపలక లాంటి పల్చటి పొర ఒకటి నిలబడి ఉందనుకోండి. ఆ పొరలో పడిందే స్పష్టం. ఒళ్లంతా ముందుకి మెల్లగా వాల్చుతూ ఆ పొరని పురుగు కంటి దాకా తీసుకెళ్లడమే పని.

వాల్చడం అంటే నడుము నుంచి, చేతులతో కాదు. మోచేతులు పక్కటెముకలకి ఆనించుకోవాలి, లేదా మోకాలి మీద. సగం ఊపిరి వదిలి ఆపండి. తెరలోనో వ్యూఫైండర్‌లోనో ముందు మీసాలు స్పష్టపడతాయి, తర్వాత మొహం, తర్వాత కన్ను. కన్ను స్పష్టమైందని చూశాక నొక్కితే ఆలస్యమే. మీ వేలికీ కెమెరాకీ మధ్య పట్టే ఆ కాస్త సమయంలో పొర రొమ్ము దాటిపోతుంది. మొహం స్పష్టమవుతుండగానే నొక్కడం మొదలుపెట్టి, మూడు నాలుగు ఫొటోల చిన్న బరస్ట్ (ఆగకుండా వరసగా తీసే ఫొటోలు) తీయండి. ఇరవై ఫొటోల బరస్ట్ వల్ల లాభం లేదు. కెమెరా నిండి ఆగిపోతుంది, సరిగ్గా అప్పుడే అది కాళ్లతో కళ్లు తుడుచుకుంటుంది.

ఇంకో కిటుకు ఉంది, ఇది తెలిశాక ట్రైపాడ్ గుర్తుకురాదు. ఎడమ చేతి బొటనవేలు, చూపుడువేలితో కాడని పట్టుకోండి. లెన్సు మూతిని అదే చేతి మణికట్టు దగ్గర ఆనించండి. ఇప్పుడు పువ్వూ, లెన్సూ ఒకే చేతికి కట్టేసినట్టు ఉంటాయి. గాలి వచ్చినా రెండూ కలిసే కదులుతాయి. కుడిచేత్తో కెమెరాని మిల్లీమీటరు చొప్పున ముందుకీ వెనక్కీ జరుపుకోవచ్చు. ఒకటే షరతు, పురుగు వాలకముందే కాడని పట్టుకుని ఉండాలి. వాలాక పట్టుకుంటే ఆ చిన్న కుదుపుకే లేచిపోతుంది. తుమ్మెదలు మరీ అంత సున్నితం కాదు గానీ కందిరీగలు తిరిగే చోట ఈ విద్య చేయకండి, చేయి అక్కడే ఉంటుంది కాబట్టి.

రెండో సంగతి కోణం. పొర పల్చగా ఉంది, దాన్ని మందం చేయలేం. కానీ పురుగుని ఆ పొరకి సమాంతరంగా పెట్టుకోవచ్చు. రెక్కలు మూసిన సీతాకోకచిలుకని సరిగ్గా పక్కనుంచి, రెక్క పలకా లెన్సు మొహమూ ఎదురెదురుగా ఉండేలా తీస్తే రెండు మిల్లీమీటర్లలో మొత్తం ఇమిడిపోతుంది. పది డిగ్రీలు పక్కకి తిరిగితే రెక్క కొస మసక. రెక్కలు విప్పి ఎండ కాచుకుంటుంటే పైనుంచి తీయాలి. అప్పుడు మాత్రం పీట మీద నుంచి లేవండి. తుమ్మెద, తేనెటీగల్ని ముప్పావు మొహం కనిపించేలా తీయాలనిపిస్తుంది, తీయండి, కానీ మీకు దగ్గరగా ఉన్న కన్ను స్పష్టంగా ఉండాలి. దూరపు కన్ను స్పష్టంగా ఉండి దగ్గరది మసకగా ఉన్న ఫొటో పనికిరాదు, మిగతాదంతా ఎంత బాగున్నా.

మూడోది దగ్గరకి వెళ్లే తీరు. పక్కకి చేసే కదలిక పురుగుకి వెంటనే తెలుస్తుంది, తిన్నగా ముందుకొచ్చే కదలిక ఆలస్యంగా తెలుస్తుంది. అందుకని దూరం నుంచే ఫ్రేము సరిచూసుకుని, ఒకే గీత మీద రండి. రెండడుగులు వచ్చాక ఆగండి. అది మీసాలు ఆడిస్తూ తాగడం మొదలుపెట్టాక మళ్లీ ఒక జానెడు. నీడ తగిలిందా, అయిపోయింది. అయినా కంగారు పడకండి. తేనె ఉన్న పువ్వు మీదకి మరొకటి వస్తుంది, మీరు లేచి వెంటపడితే తప్ప.

ఫోనుతోనూ ఇదే పని. పువ్వుకి మీరు తీయబోయే దూరంలో, చాలావరకు జానెడు, పూరెక్క అంచుని తెర మీద వేలితో నొక్కి ఉంచండి. చాలా ఫోన్లలో ఫోకసూ వెలుగూ రెండూ తాళం పడతాయి. ఇక ఫోనునే ముందుకీ వెనక్కీ జరపాలి. తెర మీద బొత్తాం నొక్కితే ఫోను కదులుతుంది, వాల్యూమ్ బొత్తాం వాడండి.

ప్రతి ఫొటో తర్వాతా తెర చూసుకునే అలవాటు మానుకోండి. పది నిమిషాలకి ఒకసారి చాలు. చూసినప్పుడు కంటి దగ్గరకి పెద్దది చేసి చూడండి. చిన్న తెర మీద అన్నీ బాగానే కనిపిస్తాయి, కంప్యూటర్లో ఏడుపు.

పది పదిహేను ఫొటోలు తీసి కలిపేసే స్టాకింగ్ గురించి అడుగుతారు. కదలని పువ్వుకి, గాలి లేని గదిలో, చేసుకోండి. పెరట్లో తిరిగే పురుగు మీద దానికి పెట్టే సమయంలో వంద మంచి ఫొటోలు వస్తాయి. దానికోసం పురుగుని ఫ్రిజ్‌లో పెట్టి మత్తెక్కించి తెచ్చేవాళ్లున్నారు. కాళ్లు ముడుచుకుని, మీసాలు వాలిపోయి, చూడగానే తెలిసిపోతుంది. అది ఫొటో అనిపించుకోదు.

కదలనిది కావాలంటే నీలి చారల తేనెటీగల్ని సంధ్యవేళ వెతకండి. మగవి కొన్ని కలిసి ఎండుపుల్లనో సన్నటి కాడనో దవడలతో కరిచిపట్టుకుని, కాళ్లు వదిలేసి, వరసగా నిద్రపోతాయి. ఎక్కడ పడుకున్నాయో గుర్తుపెట్టుకుని మర్నాడు సూర్యోదయానికి వెళ్తే మంచు చుక్కలతో సహా అక్కడే ఉంటాయి. కంటి మీద ఫోకస్ సాధన చేయడానికి దీన్ని మించింది లేదు. మంచు లేదని మీరే నీళ్లు కొట్టకండి.

ఎరుపు, తెలుపు, నీలం

ఎర్ర మందారం ఫొటోల్లో రెక్కల ఈనెలు కనిపించవు, ఎర్రటి గుడ్డముక్కలా ఉంటుంది. వెలుగు మొత్తంగా సరిపోయినా ఎరుపు ఒక్కటే పొంగిపోతుంది. ఎక్స్‌పోజర్ (కెమెరా తీసుకునే వెలుగు) 0.7 తగ్గించి, నీడలో తీయండి. నందివర్ధనం, మల్లె లాంటి తెల్ల పువ్వుల దగ్గర రెండు రకాల తప్పులు జరుగుతాయి. ఫ్రేము నిండా పువ్వే ఉంటే కెమెరా దాన్ని బూడిదరంగు చేస్తుంది, అప్పుడు 0.7 పెంచాలి. చుట్టూ ముదురాకులు ఉండి పువ్వు చిన్నగా ఉంటే కెమెరా ఆకుల్ని చూసి వెలుగు పెంచేసి పువ్వుని తెల్లకాగితం చేస్తుంది, అప్పుడు తగ్గించాలి. శంఖుపువ్వు నీలం ఊదాగా వస్తుంటే వైట్ బ్యాలెన్స్ (రంగుల ఛాయ సరిచేసే సెట్టింగు) ఆటో తీసేసి డేలైట్ పెట్టండి. తర్వాత కంప్యూటర్లో రంగులు పెంచడం మాత్రం వద్దు. మందారానికి ఉన్న ఎరుపు చాలు.

చీకటి పడ్డాక

రాధామనోహరం, సొర ఉన్నవాళ్లకి మాత్రమే. పొద్దుగూకాక పెద్ద రెక్కపురుగులు పువ్వు ముందు గాల్లో నిలబడి, వాలకుండానే, బారెడు తొండంతో తాగుతాయి. ఒక పువ్వు ఎంచుకుని, మసక వెలుగు ఉండగానే దాని మూతి మీద ఫోకస్ పెట్టి ఆపేయండి. ఫ్లాష్ తప్పనిసరి, ఎర్ర కాగితం చుట్టిన టార్చి చూసుకోడానికి. తెల్ల టార్చి వేస్తే అవి పువ్వు వదిలి మీ మొహం మీదకి వస్తాయి. అపార్ట్‌మెంట్ సన్‌షేడ్ కింద కొండతేనెటీగల పెద్ద పట్టు ఉంటే ఆ వైపు రాత్రి ఫ్లాషూ, టార్చీ రెండూ వద్దు.

ఇంటికి తెచ్చాక

ఏసీ గదిలోంచి కెమెరాని తిన్నగా పెరట్లోకి తెస్తే అద్దం చెమర్చుతుంది. తుడిస్తే మళ్లీ చెమర్చుతుంది. సంచిలోనే ఉంచి అరగంట ముందు వరండాలో పెట్టండి. బీచ్ దగ్గర ఇళ్లవాళ్లు లెన్సు అద్దాన్ని పొడిగుడ్డతో తుడవకూడదు. కంటికి కనిపించని ఉప్పు రవ్వలు గీతలు పెడతాయి. ముందు బ్లోయర్‌తో (గాలి కొట్టే రబ్బరు బుడ్డితో) ఊది, తర్వాత లెన్సు ద్రవం ఒక చుక్క గుడ్డకి అద్ది తుడవాలి.

మన ఊరి తేమకి లెన్సు లోపల సాలెగూడులాంటి ఫంగస్ పట్టడం మామూలే. తోలు సంచిలో బీరువాలో పెట్టడం దానికి ఎరువు వేయడమే. రబ్బరు అంచు ఉన్న గాలి చొరని ప్లాస్టిక్ డబ్బా, అందులో పావుకిలో సిలికా జెల్, తేమ చూపే చిన్న మీటరు పెట్టండి. ముల్లు 40కీ 50కీ మధ్య ఉండాలి. బియ్యం డబ్బాలో పెట్టేవాళ్లు తేమకి బదులు పిండిదుమ్ము తెచ్చుకుంటారు. నీలం రంగు జెల్ గులాబీరంగుకి తిరిగితే సన్నటి సెగ మీద పాత మూకుట్లో కదుపుతూ మళ్లీ నీలమయ్యేదాకా వేడిచేసి, పూర్తిగా చల్లారాకే డబ్బాలో వేయండి. ఆ రంగు కోబాల్ట్ ఉప్పుది, కాబట్టి ఆ మూకుడుని మళ్లీ వంటకి వాడకూడదు.